కారులో కుయ్యిమనే చప్పుడు

మొదటిసారి ఆ చప్పుడు విన్నది మా అమ్మాయిని ట్యూషన్ నుంచి తీసుకొస్తున్న రోజు. బెంజిసర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. పాటలు పెట్టలేదు. టెస్టులో మార్కులు తగ్గాయని నేనేదో అన్నందుకు పిల్ల మూతి ముడుచుకుని కూర్చుంది కాబట్టి మాటలు కూడా లేవు. అప్పుడు వినిపించింది. సన్నగా, కుయ్య్... మని. రాత్రిళ్ళు దోమ చెవి పక్కకొచ్చి పాడుతుందే, అచ్చం అలాగే. పచ్చలైటు పడి యాక్సిలేటర్ నొక్కగానే ఆ పాట పైకి పోయింది. గేరు మారుస్తుంటే కిందకి దిగింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ పైకి.

"నీకేమన్నా వినిపిస్తోందా?" అన్నాను.

అలక మర్చిపోయి, "అవునమ్మా, ఎవరో ఈల వేస్తున్నట్టుంది" అంది.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. మర్నాడు ఒక రౌండు తిప్పుకొచ్చి "ఏం లేదే!" అన్నారు. పాటలు పెట్టుకుని తిప్పుకొచ్చారని తర్వాత మా పిల్లాడు చెప్పాడు. పాటలు ఆపించి, నేను పక్కన కూర్చుని, "ఇదిగో ఇప్పుడు, వినండి" అంటే ఓ నిమిషం తల పక్కకి వంచి, "పదకొండేళ్ళ బండే అది! నలభై దాటిన మనకే మోకాళ్ళు కీచుమంటున్నాయి, దానికి మాత్రం మూలిగే హక్కు లేదా?" అన్నారు.

నవ్వేసి ఊరుకున్నాను. కానీ మీకు తెలియందేముంది? ఇంట్లో ఏ చప్పుడు ఎక్కడిదో మనకి తెలిసిపోతుంది. పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే సవ్వడి, పైన ట్యాంకు నిండబోతోందని పైపు మారే గొంతు, మిక్సీలో పప్పు మెదిగిందో లేదో. హాల్లో కూర్చుని మొత్తం చెప్పెయ్యగలం. కొత్త చప్పుడు వచ్చిందంటే అది పోయేదాకా మనకి నిద్ర పట్టదు. మగవాళ్ళకి మాత్రం అది పెద్దదై బండి రోడ్డు మీద ఆగిపోయాకే వినిపిస్తుంది.

వారం పోయాక నేనే సర్వీసుకి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు బండెక్కి వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, "నార్మల్ సౌండే మేడమ్" అన్నాడు. నేను చెప్పింది కంప్యూటర్లో ఎక్కించలేదు కూడా. ఇంకో పది రోజులకి చప్పుడు కాస్త లావయింది. ఈసారి మావారిని కూడా లాక్కెళ్ళాను. మగమనిషి వచ్చేసరికి సూపర్‌వైజరు స్వయంగా వచ్చి నడిపి చూసి, "సార్, గేరుబాక్సులో వస్తోంది. దింపి విప్పి చూడాలి. 26 వేలు పైమాటే" అన్నాడు. పది రోజుల కిందట నార్మల్ అన్న చప్పుడు ఇవాళ 26 వేలు ఎట్లా అయిందో నాకు అర్థం కాలేదు. మావారు కూడా గతుక్కుమన్నారు. అమ్మాయి ఇంటర్లో చేరిన ఏడాది అది. కాలేజీ ఫీజు రెండో వాయిదా కోసం పక్కన పెట్టిన డబ్బులు తప్ప చేతిలో ఏమీ లేవు. "ఆలోచించుకుని వస్తాం" అని బయటపడ్డాం.

సరిగ్గా ఆ వారంలోనే కంటి పరీక్ష చేయించుకోడానికి గుడివాడ నుంచి మా నాన్న వచ్చారు.

మా నాన్న సంగతి చెప్పాలి. గుడివాడ ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా 33 ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్బై ఒకటి. నా చిన్నప్పుడు సెలవు రోజుల్లో క్యారేజీ ఇచ్చే వంకతో నేను డిపోకి వెళ్ళేదాన్ని. బస్సు గేటులోకి తిరుగుతుంటేనే, తల ఎత్తకుండా, "ఆ బండికి బెల్టు వదులైంది", "దీనికి వెనకాల ఎడమ చక్రం బేరింగు చూడండ్రా" అని చెప్పేవారు. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు మారినా, బావి దగ్గర గిలక కీచుమన్నా, "ఏమే, ఎక్కడ్నుంచో చెప్పు చూద్దాం" అని నన్ను పరీక్ష పెట్టేవారు. నాకీ చెవుల పిచ్చి ఆయన్నుంచి వచ్చిందే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అప్పటికి కొంతకాలంగా నాకు నాన్న మీద లోపల్లోపల కోపంగా ఉండేది. అమ్మ పోయి రెండేళ్ళయింది. అమ్మ ఉన్నప్పుడు రోజూ ఫోన్ చేస్తే ఇద్దరితోనూ మాట్లాడినట్టే ఉండేది. అమ్మ పోయాక నాన్న ఫోన్ తీసి, "ఆ... ఆ... బాగున్నా... సరేనమ్మా, ఉంటా మరి" అని నిమిషంలో పెట్టేసేవారు. క్రితం వానాకాలంలో మా పిల్లాడికి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఆస్పత్రి వరండాలో నిలబడి ఏడుస్తూ ఫోన్ చేస్తే, "మంచిదమ్మా, ఉంటా మరి" అన్నారు. మంచిదమ్మా! ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. పిల్లాడు కోలుకున్నాడు. నేను మాత్రం ఫోన్లు తగ్గించేశాను. అమ్మతోపాటే ఆయనకి మా మీద ప్రేమ కూడా పోయిందనుకున్నాను.

అయినా ఇంటికొచ్చిన నాన్నని కారు చూడమనకుండా ఎట్లా ఉంటాను? సాయంత్రం ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, మావారినీ పిల్లనీ వెనకాల కూర్చోబెట్టి, పటమట నుంచి కానూరు దాకా నడిపాను. చప్పుడు దివ్యంగా వస్తోంది. "వింటున్నావా నాన్నా?" అన్నాను.

నాన్న రోడ్డు వైపే చూస్తూ, "బండి శుభ్రంగా ఉందమ్మా. ఏం చప్పుడు లేదు" అన్నారు.

అద్దంలోంచి మావారు నా వంక చూసి కళ్ళతోనే నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చింది. నా చెవుల మీద నాకే అనుమానం కూడా వచ్చింది. ఆర్టీసీ మెకానిక్కే లేదంటుంటే ఇంకెవరికి చెప్పను?

రాత్రి గిన్నెలు సర్దుతుంటే మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, తాతయ్యకి వినపడదు కదా, ఆయన్ని అడుగుతావేంటి?" అంది.

"వినపడకపోవడమేంటే?"

"వెనకనుంచి పిలిస్తే తిరగరు చూడు. ఎదురుగా నిలబడి చెప్తేనే పలుకుతారు. నేనెప్పుడూ అట్లాగే చెప్తా."

చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అమ్మ ఉన్నప్పుడు ఫోన్ ఎప్పుడూ అమ్మే తీసేది. "మీ అమ్మాయి అడుగుతోంది, బీపీ మాత్ర వేసుకున్నారా అని" అని అరిచి ఆయనకి చెప్పేది. ఆయన జవాబు నాకు చెప్పేది. అమ్మకి వసపిట్టలా వాగడం అలవాటు, అందుకే మధ్యలో దూరుతోంది అనుకునేదాన్ని. మధ్యలో దూరడం కాదు, ఆయన చెవులు అమ్మే. ఆమె పోయాక ఆయనకి మా మాటలు కూడా పోయాయి. "మంచిదమ్మా" అన్న రోజున నేనేం చెప్పానో ఆయనకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. బాగున్నామని చెప్తున్నాననుకుని ఉంటారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈసారి కారు వల్ల కాదు.

తెల్లవారి ఐదున్నరకి పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే నాన్న కారు బానెట్ ఎత్తి నిలబడి ఉన్నారు. నన్ను చూసి, నేనేమీ అడక్కుండానే, "నిన్న నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుందమ్మా. నువ్వు చప్పుడు పోల్చడంలో తప్పు పోవు. నాకే వినపట్టంలేదు. నాలుగైదేళ్ళయింది" అన్నారు. కాసేపాగి, "అల్లుడి ముందు చెప్పబుద్ధి కాలేదు" అన్నారు.

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఆయన మాత్రం అప్పుడే పనిలో పడ్డారు. "చప్పుడు నువ్వు విను. అడగాల్సింది నేనడుగుతా. ముందు ఆ చున్నీ తీసి లోపల పడేసిరా. జడ ముడి వెయ్యి. గాజులు తియ్యి. తిరిగే బెల్టు దగ్గర చీరకొంగు, చున్నీ, జడ, ఇవి ఉండకూడదు. పట్టిందంటే లాగేసుద్ది."

ఇది మీరు కూడా గుర్తుపెట్టుకోండి. ఇంకొకటి, ఇంజను ఆన్‌లో పెట్టి చూసేటప్పుడు బండి ఆరుబయట ఉండాలి. మూసిన షెడ్డులో వద్దు, ఆ పొగ ప్రాణాంతకం. మా బండిని వీధిలోకి తెచ్చి, హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్లో పెట్టి, అప్పుడు మొదలుపెట్టాం. నాన్న కిటికీ పక్కన నా మొహం కనపడేట్టు నిలబడ్డారు. నేను నెమ్మదిగా, పెదాలు కనపడేట్టు చెప్తున్నాను.

మొదటి ప్రశ్న: "బండి కదలకుండానే వస్తోందా?"

వస్తోంది. సన్నగా. యాక్సిలేటర్ కొంచెం నొక్కితే పెరుగుతోంది.

"అయితే చక్రాల బేరింగులు కాదు, టైర్లు కాదు. అవైతే బండి నడిస్తేనే మోగుతయ్యి, వేగాన్ని బట్టి పెరుగుతయ్యి. ఇది ఇంజనుతో పెరుగుతోంది."

రెండో ప్రశ్న: "క్లచ్చి పూర్తిగా తొక్కు. ఆగిందా?"

తొక్కాను. ఆగలేదు. వదిలాను. తేడా లేదు. నాలుగుసార్లు చేయించారు.

"ఇంక గేరుబాక్సు జోలికి పోకు" అన్నారు నాన్న. ఎందుకో నాకు అర్థం కాలేదని మొహం చూసి గ్రహించి, "మిక్సీ ఉంది కదమ్మా. చప్పుడొస్తే ఏం చేస్తావ్? జారు పీకేసి ఉత్త మోటారు తిప్పి చూస్తావ్. అప్పుడూ చప్పుడొస్తే తప్పు జారుది కాదు. క్లచ్చి తొక్కడమంటే జారు పీకెయ్యడమే. న్యూట్రల్లో క్లచ్చి వదిలేసి ఉంటే గేరుబాక్సు లోపలి షాఫ్టు ఇంజనుతో కలిసి తిరుగుద్ది. తొక్కితే ఆగుద్ది. అది ఆగినా నీ చప్పుడు ఆగలేదంటే అది గేరుబాక్సుది ఎట్లా అవుద్ది?" అన్నారు. తొక్కినప్పుడు ఆగిపోతే గేరుబాక్సు బేరింగుని, తొక్కినప్పుడే కొత్తగా మొదలైతే క్లచ్చి బేరింగుని అనుమానించాలట.

26 వేల రూపాయల ప్రశ్న తెల్లవారి ఆరింటికి, పైసా ఖర్చు లేకుండా, నా ఎడమ కాలితో తేలిపోయింది.

తర్వాత ఏసీ వేయించారు, ఆపించారు. తేడా లేదు. స్టీరింగు అటూ ఇటూ తిప్పించారు. తేడా లేదు. మా బండి స్టీరింగు కరెంటుతో పనిచేసేది. నూనె పంపుతో పనిచేసే స్టీరింగు ఉన్న బళ్ళలోనైతే తిప్పినప్పుడు మూలుగు ఎక్కువవుతుందట, నూనె తగ్గినా అంతేనట. ఆ తర్వాత హెడ్‌లైట్లు, గాలి బ్లోయరు, వెనక అద్దం వేడి చేసే బటన్ అన్నీ ఒకేసారి వెయ్యమన్నారు. చప్పుడు కాస్త బరువెక్కింది. లావుగా, గొంతు రాసుకుపోయినట్టు.

"మారింది నాన్నా!" అన్నాను.

ఆయన మొహంలో మా చిన్నప్పటి డిపో నాన్న కనిపించారు. "డైనమో" అన్నారు.

డైనమో అంటే ఆల్టర్నేటర్. బండి నడుస్తున్నంతసేపూ కరెంటు తయారుచేసి బ్యాటరీకి, లైట్లకి ఇచ్చేది అదే. లైట్లన్నీ వేస్తే దాని మీద బరువు పడుతుంది. అందుకే గొంతు మారింది.

"అనుమానమే, ఇంకా ఖాయం కాదు" అని ఆయనే లోపలికెళ్ళి మా ఇంట్లో పొడుగాటి స్క్రూడ్రైవరు వెతికి తెచ్చారు. దాని కొసని ఇంజను మీద తిరగని భాగానికి మాత్రమే ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి ఆనించి వినమన్నారు. డాక్టరు స్టెత్ లాగా అన్నమాట. కొస ఎక్కడ పెట్టాలో ఆయనే చెయ్యి పట్టుకుని చూపించారు. ఏసీ కంప్రెసర్ మీద పెడితే గురగురమని మామూలు చప్పుడు. నీళ్ళ పంపు మీద పెడితే అదే. డైనమో మీద పెట్టానో లేదో, కుయ్య్ మని తలలోకి దూసుకొచ్చింది. గబుక్కున వెనక్కి తీశాను. నా ఎగిరిపాటు చూసి నాన్న నవ్వారు. ఇంజను ఆపించి, "కాగితం తెచ్చి ఇదంతా వరసన రాయి. మెకానిక్కుకి చప్పుడొస్తోంది అని చెప్పకూడదు. ఎప్పుడొస్తోంది, దేంతో పెరుగుతోంది, దేంతో మారట్లేదు అని చెప్పాలి" అన్నారు.

పిల్లలు స్కూలుకీ కాలేజీకీ వెళ్ళాక, మావారు ఆఫీసుకి వెళ్ళాక, నేనూ నాన్నా ఆటోనగర్ వెళ్ళాం. విజయవాడ ఆటోనగర్ గురించి మీలో చాలామందికి తెలుసు. లారీలు, బస్సులు, బాడీలు కట్టేవాళ్ళు, లేతు మిషన్లు, స్ప్రింగు పట్టీలు, వెల్డింగు వెలుగులు. ఆడవాళ్ళు కనపడరు. కారు నడుపుకుంటూ లోపలికెళ్తే అందరూ తలెత్తి చూశారు. సెల్ఫులూ డైనమోలూ మాత్రమే బాగుచేసే చిన్న కొట్టు ముందు ఆపమన్నారు నాన్న. నేను కాగితం ఇచ్చాను. ఆ మెకానిక్ చదివి, "ఎవరు రాశారక్కా ఇది?" అన్నాడు. నాన్న వైపు చూపించాను. "చెవులు నావి, బుర్ర ఆయనది" అన్నాను.

అతను బెల్టు తీసేసి ఇంజనుని కొన్ని క్షణాలు మాత్రం నడిపాడు. మా బండిలో నీళ్ళ పంపుని కూడా ఆ బెల్టే తిప్పుతుంది కాబట్టి ఎక్కువసేపు నడపకూడదన్నాడు. చప్పుడు పూర్తిగా పోయింది! అంటే బెల్టు తిప్పేవాటిల్లోనే ఉంది దొంగ. ఇంజను ఆపి ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో తిప్పి చూశాడు. డైనమో చక్రం దగ్గరికి వచ్చేసరికి నాన్న ముందుకొచ్చి, "నన్ను చూడనీ బాబూ" అని వేళ్ళు పెట్టి నెమ్మదిగా తిప్పారు. కళ్ళు మూసుకున్నారు.

"ఇసక నలిగినట్టుందమ్మా. చూడు" అని నా వేళ్ళు పెట్టించారు. నిజమే. నున్నగా తిరగాల్సింది గరగరమంటూ చేతికి తగులుతోంది. చెవికి వినపడని చప్పుడు ఆయన వేళ్ళకి తెలుస్తోంది.

"బాబాయ్‌గారు ఏ వర్క్‌షాపులో చేశారు?" అన్నాడు మెకానిక్. నాన్నకి వినపడలేదు. నేను ఎదురుగా తిరిగి, నెమ్మదిగా చెప్పాను. "గుడివాడ డిపో" అన్నారు నాన్న, ఛాతీ కాస్త విరుచుకుని. అంతే, ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. టీలు వచ్చాయి. నాకు స్టూలు వచ్చింది.

బ్యాటరీ వైరు తీసి, డైనమో దింపి, విప్పి, పుల్లరుతో పాత బేరింగులు లాగాడు. రెండుంటాయి, ముందొకటి, వెనకొకటి. చెడిపోయింది ముందుదే అయినా రెండూ మార్చాడు. అంత విప్పి ఒకటి వదిలేస్తే రేపు రెండోదానికి మళ్ళీ కూలీ ఇవ్వాలి కదా. పాత బేరింగు నా చేతిలో పెట్టాడు. లోపల గ్రీజు ఎండిపోయి ఇంగువ ముక్కలా అయింది. ఇట్లాగే నడిపితే ఏమయ్యేదని అడిగాను. "ఒకరోజు బిగుసుకుపోద్దక్కా. బెల్టు తెగుద్ది. బ్యాటరీ ఛార్జింగు ఆగుద్ది, నీళ్ళ పంపు కూడా ఆగుద్ది, ఇంజను కాగిపోద్ది. రాత్రిపూట హైవే మీదయితే చూసుకో ఇంక" అన్నాడు. బెల్టుకి కూడా పగుళ్ళు వచ్చాయని చూపించాడు. రెండు బేరింగులు, కొత్త బెల్టు, కూలీ అన్నీ కలిపి 1,850 రూపాయలు. రెండు గంటల పని.

తిరిగొచ్చేటప్పుడు అద్దాలెత్తి నడిపాను. ఎంత హాయిగా ఉందో! ఇంజను తనపని తాను చేసుకుంటోంది. నాన్న నా మొహం చూసి, "పోయిందా?" అన్నారు. తలూపాను. "అయితే సరే" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం మావారు కారు తీసుకుని బజారుకెళ్ళొచ్చి, చెప్పులు విప్పుతూ, "కారులో ఏదో తేడాగా ఉందోయ్. ఏదో లేనట్టుంది" అన్నారు. నేనూ మా అమ్మాయీ పడీ పడీ నవ్వాం. పాపం, ఆయనకీ వినిపిస్తూనే ఉంది అన్నమాట, అలవాటైపోయింది అంతే! 1,850 బిల్లు చూశాక మాత్రం మనిషి గంభీరంగా, "మావయ్యగారూ, థాంక్సండీ" అని చేతులు పట్టుకున్నారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది, కానీ అసలు మరమ్మత్తు మిగిలే ఉంది కదా.

కంటి పరీక్షతోపాటు చెవి పరీక్ష కూడా చేయిద్దామన్నాను. "ఈ వయసులో నాకెందుకు, ఎవరితో మాట్లాడాలి?" అన్నారు. ఆ మాటకి నాకు కోపమొచ్చింది. రెండేళ్ళ కోపం మొత్తం ఒక్కసారే వచ్చింది. ఎదురుగా కూర్చుని, ప్రతి మాటా పలికి పలికి చెప్పాను. "నాతో మాట్లాడాలి. పిల్లాడికి డెంగ్యూ వచ్చి చావుబతుకుల్లో ఉన్నాడని ఏడుస్తూ చెప్తే నువ్వు మంచిదమ్మా అన్నావు నాన్నా."

ఆయన మొహం పాలిపోయింది. "ఎప్పుడు?" అన్నారు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని, "నాకు నీ గొంతు వినపడుద్దమ్మా. మాట తెలవదు. మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కుంటావేమోనని ఊఁ కొడతాను" అన్నారు.

పరీక్ష గదిలో చెవులకి ఫోన్లు పెట్టి సన్నచప్పుళ్ళు, లావుచప్పుళ్ళు వినిపించి, గీత గీసిచ్చారు. ఆ గీత మొదట్లో ఫర్వాలేదు, తర్వాత కొండ దిగినట్టు దిగిపోయింది. డాక్టరమ్మ అర్థమయ్యేట్టు చెప్పింది. వయసుతో ముందు పోయేవి సన్నటి, ఎత్తు స్వరాలేనట. ఏళ్ళ తరబడి ఇంజన్ల హోరులో పనిచేసిన వాళ్ళకి ఇంకా ఎక్కువగా పోతాయట. మాటల్లో స, శ, త, ఫ లాంటి అక్షరాలు ఆ ఎత్తులోనే ఉంటాయి. అవి పోతే మనిషి గొంతు వినపడుతుంది గానీ ఏమన్నారో తెలియదు. ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు మరీ కష్టం. ఫోన్లో పెదాలు కూడా కనపడవు కాబట్టి ఇంకా కష్టం. కారు కుయ్యిమంటుంటే నాన్నకెందుకు తెలియలేదో, నా ఏడుపు ఎందుకు తెలియలేదో, రెండూ ఒకే గీతలో ఉన్నాయి.

మిషను పెట్టించాం. డబ్బు మేమిస్తామంటే ఒప్పుకోలేదు, ఆయన పెన్షన్ దాచుకున్న దాంట్లోంచే కట్టారు. మొదటి నెల అంతా గొడవే. గిన్నెల చప్పుడు చెవి కొరుకుతోందన్నారు. ఫ్యాను రొద అన్నారు. మీ పిల్లాడు ఇంత గట్టిగా నములుతాడేంటి అన్నారు. తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. రెండుసార్లు వెళ్ళి సరిచేయించుకొచ్చాం. ఇప్పటికీ రోజంతా పెట్టుకోరు. నేను ఫోన్ చేసే వేళకి మాత్రం పెట్టుకుంటారు. అదీ వీడియో కాల్, మొహం కనపడాలి. నేను నెమ్మదిగా చెప్పడం నేర్చుకున్నాను. అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పు" అని అడగడం ఆయన నేర్చుకున్నారు. నాకు ఇది ఎక్కువ కష్టమా, ఆయనకి అది ఎక్కువ కష్టమా అంటే చెప్పలేను.

మొన్న ఆదివారం తనే ఫోన్ చేశారు. తనే! నేను కంగారుగా తీశాను.

"ఏం లేదమ్మా. పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు నిన్నట్నుంచి కుయ్యిమంటోంది. బేరింగు పోయిందిరా అని చెప్తే వాడు నమ్మట్లేదు. నీకేమన్నా వినపడుతోందా చూడు" అని ఫోన్ గోడ వైపు తిప్పారు.

నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆయనకి వినపడుతోంది కదా, నాకది చాలు.

"నువ్వు చెప్పింది నిజమే నాన్నా" అన్నాను.